ఎవరూ అరవని మిషను

ఆఫీసులో ఆమెను మిషన్లమ్మ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. కానీ వెనకాల అన్న మాటకి కాళ్లుంటాయి. అది నడుచుకుంటూ ఆమె చెవి దాకా వచ్చింది. విని ఆమె కోపం తెచ్చుకోలేదు. పిల్లలున్న తల్లిని పిల్లల పేరుతో పిలవడం లోకంలో ఉన్నదే కదా అనుకుని ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ కంపెనీ నీటి పంపులు తయారు చేస్తుంది. మూడో అంతస్తులో, లిఫ్టు దాటాక, ఎప్పుడూ మూసి ఉండే తలుపు వెనక ఆమె గది. ఎండాకాలంలో కూడా అందులో స్వెటరు వేసుకోవాలి. ఆ చలి మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. గదిలో కంటికి కనిపించేవి కాసిని ఇనప పెట్టెలే. వాటి లోపల మాత్రం బోలెడు మిషన్లు కాపురం ఉంటాయి. జీతాలు చూసేది ఒకటి, సరుకు చీటీలు రాసేది ఒకటి, గేటు దగ్గర కార్డు చూసి తలుపు తీసేది ఒకటి. చేత్తో పట్టుకుందామంటే ఒక్కటీ దొరకదు.

పెళ్లయిన కొత్తలో భర్త అడిగాడు, ఇంతకీ నువ్వు చేసే పనేమిటని. ఆయన డ్రైవింగు నేర్పే మాస్టరు. కంటికి కనపడే బండి, కాలికి తగిలే బ్రేకు తప్ప ఇంకోటి నమ్మడు.

"ఒక పెద్ద ఇల్లుందనుకోండి," అందామె. "అందులో చాలా కాపురాలు. ఎవరి తలుపు వాళ్లది. గోడ అవతల ఇంకొకళ్లున్నారని ఎవరికీ తెలియదు. ఇల్లంతా తమదే అనుకుంటారు. సామాన్ల గది మాత్రం అందరికీ కలిపి ఒక్కటే."

"అయితే నువ్వు ఇంటావిడవన్నమాట."

"కాదు. తాళాలు నా దగ్గరుంటాయి, అంతే."

"తాళాలున్నదే ఇంటావిడ," అని ఆయన తేల్చేశాడు.

ఆమె ఈ పనికి చదువుకుని రాలేదు. కాలేజీ మధ్యలో ఉండగా తండ్రి మంచాన పడితే, పుస్తకాలు కట్టిపెట్టి ఇదే కంపెనీలో సరుకు చీటీలు టైపు చేసే పనిలో చేరింది. మిషను ఆగిపోయినప్పుడల్లా మిగతావాళ్లు టీకి వెళ్లిపోయేవాళ్లు. ఆమె మాత్రం బాగుచేయడానికి వచ్చిన పెద్దాయన వెనక నిలబడి చూస్తూ ఉండేది. ఒక్క ప్రశ్న అడిగేది కాదు. కొన్నాళ్లకి ఆయనే వెనక్కి తిరిగి, "చూసింది చాలమ్మా, ఇలా కూర్చో" అని తన కుర్చీ జరిపాడు. ఆయన రిటైరైపోయాడు. నేర్పిన పద్ధతులు గదిలో అలాగే ఉండిపోయాయి.

వాటిలో ఒకటి అరుపు పద్ధతి.

ప్రతి సెక్షనూ ఏదో పని పడిందని ఒక కొత్త మిషను అడుగుతుంది. పని అయ్యాక తిరిగి ఇవ్వదు. అడిగినవాళ్లు బదిలీ అయిపోతారు, మానేస్తారు. మిషను లోపల తిరుగుతూనే ఉంటుంది, చోటు తింటూనే ఉంటుంది. అది ఎవరిదో తెలుసుకోవడానికి పెద్దాయన చెప్పిన ఉపాయం ఇది: "ఎవరిదీ అని అడిగితే ఎవడూ చెప్పడమ్మా. ఉత్తరం రాస్తే చదవడు. ఆపేసి కూర్చో. కావలసినవాడు వాడే వచ్చి అరుస్తాడు. అరిస్తే మళ్లీ పెట్టు. అరవకపోతే కొన్నాళ్లాగి చెరిపెయ్."

ఆ పద్ధతి ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు. ఒకసారి పేరూ ఊరూ లేని ఒక మిషనుని ఆపితే, అరగంటలో క్యాంటీను మేస్త్రి చేతిలో గరిటెతోనే మెట్లెక్కి వచ్చాడు, భోజనం టోకెన్లు రావడం లేదని. ఇంకోసారి ఒకదాన్ని ఆపితే రోజుల తరబడి చప్పుడే లేదు. అది ఉద్యోగులకి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే మిషను. ఆఖరికి అరుపు పై అంతస్తు నుంచే వచ్చింది. పెద్ద డైరెక్టరు గారి పుట్టినరోజు ఎవరూ పట్టించుకోకుండా వెళ్లిపోయింది మరి.

అలా నవ్వుకుంటూ గడిచిపోయే పని, ఈ ఏడు నవ్వు లేకుండా అయింది. ఆ సామాన్ల గది, అంటే డిస్కులు, నిండిపోతోంది. డిస్కులు నిండితే ఒక మిషనుతో పోదు. అన్ని మిషన్లూ నిలబడ్డచోటే నిలబడిపోతాయి. జీతాలు, చీటీలు, గేటు, అన్నీ. కొత్త డిస్కులు కావాలని ఆమె అడిగింది. కొత్తగా వచ్చిన మేనేజరు ఒప్పుకోలేదు. ఆయన వచ్చాక వరండాలో సగం లైట్లు తీసేశారు, మంచినీళ్ల దగ్గర కాగితం గ్లాసులు మాయమయ్యాయి. అందరూ ఆయన్ని పొదుపు సారు అంటారు.

"ఉన్నదాంట్లో సర్దండి," అన్నాడాయన. "ఎవరికీ పనికిరానివి ఎన్నో ఉంటాయి. వచ్చే శుక్రవారానికి ఖాళీ చూపించండి. మీవల్ల కాదంటే చెప్పండి, ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేద్దాం."

ఎక్కువ చోటు ఎవరు తింటున్నారో ఆమెకి తెలుసు. మిషనులో ఏదైనా పెద్ద మార్పు చేసేముందు, దాని స్థితిని ఒక ఫోటో తీసినట్టు తీసి పక్కన పెడతారు. మార్పు బెడిసికొడితే వెనక్కి వెళ్లడానికి అది పనికొస్తుంది. మార్పు కుదిరాక ఆ ఫోటోని తీసేయాలి. తీసేయకపోతే, ఆ రోజు నుంచి జరిగే ప్రతి చిన్న మార్పూ విడిగా పోగవుతూ పోతుంది. పొదుపు సారు రిపోర్టుల మిషనుకి అలాంటి ఫోటోలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిని తీసేయాలంటే ఒక పూటంతా ఆ మిషను నత్తనడక నడుస్తుంది. ఆయన వచ్చిన మొదటి వారంలోనే అందరి ముందూ చెప్పాడు, తన రిపోర్టులు గంటసేపు ఆగినా ఊరుకోనని.

కాబట్టి ఆమె ఆ మాట ఎత్తలేదు. నోరున్న కాపురాన్ని కదిలించే కంటే నోరులేని వాళ్లని ఖాళీ చేయించడం తేలిక. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. ఆ బుద్ధి మంచివాళ్లకీ పుడుతుంది.

ఆమె యజమాని తెలియని మిషన్లు కొన్నిటిని ఏరి ఆపింది. ఆపే ముందు ఉద్యోగులందరికీ మెయిలు కూడా పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి అరిచారు. స్టోర్సు వాళ్లు ఫోనులో అరిచారు, అకౌంట్సు వాళ్లు గుమ్మంలో నిలబడి అరిచారు. ఒక్కదానికి మాత్రం ఎవరూ రాలేదు. దాని పేరు 'పాత స్పేర్లు'. దాని లోపలి సరంజామా అంతా ఎప్పటి కాలానిదో. అది చోటు కూడా గట్టిగానే తింటోంది. దాన్ని చెరిపేస్తే శుక్రవారం గండం గడిచినట్టే.

బుధవారం పొద్దున్న తంతి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కింద పనిచేస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎక్కడ వంచితే అక్కడ వంగేలా ఉంటాడని ఆ పేరు.

"అక్కా, వారం దాటింది. ఎవడూ అరవలేదు. కొట్టేద్దామా?"

"ఉండు. ఒకసారి లోపల చూడనీ."

చెరిపే ముందు ఒకసారి తెరిచి చూడడం ఆమె అలవాటు. నెట్‌వర్కు తీగ తగిలించకుండా, బయటివాళ్లకి తెలియకుండా దాన్ని లేపింది. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో మిషను తన దగ్గర రాసుకుంటుంది. అది చదువుతూ ఆమె స్వెటరు చేతులు కిందికి లాక్కుంది.

"దీన్ని రోజూ వాడారురా."

"రోజూనా?"

"పొద్దున్న ఆఫీసు వేళకి వచ్చారు, సాయంత్రం వెళ్లారు. ఒక్క రోజు తప్పలేదు. మనం ఆపిన రోజు దాకా."

తంతి తల గోక్కున్నాడు. "రోజూ తినేవాడి ముందు నుంచి కంచం లాగేస్తే అరవడా అక్కా? అరవలేదంటే ఆకలి లేదన్నమాట."

"లేకపోతే నోరు లేదన్నమాట," అందామె.

ఆ మాట అన్నాక ఆమెకి కుర్చీలో కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఎవరో ఒక మనిషి. రోజూ వచ్చి చేసుకునే పని. దాన్ని తను ఆపింది. ఆ మనిషి కిక్కురుమనలేదు. శుక్రవారం తను దాన్ని చెరిపేస్తే, ఆ పని ఇక తిరిగి రాదు.

ఆ లాగిన్‌కి మనిషి పేరు లేదు, 'స్పేర్లు' అని మాత్రమే ఉంది. ఏ కంప్యూటరు నుంచి వచ్చారో చూసి, ఆ కంప్యూటరు తీగ ఏ గోడలోకి వెళ్తుందో వెతికి, ఆమె కిందికి దిగింది. గోడౌను వెనక, విరిగిన చెక్క పెట్టెలు దాటాక, ఒక రేకుల షెడ్డు. అందులో ఒక గది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ అటు వెళ్లలేదు.

గదిలో చాలా బల్లలున్నాయి. ఒక్కటి తప్ప అన్నిటి మీదా దుమ్ము పట్టింది. ఆ ఒక్కదాని మీద కంప్యూటరుకి పాత తువ్వాలు కప్పి ఉంది. కుర్చీలో చేత్తో కుట్టిన చిన్న దిండు. పెన్నులు ఒక డబ్బాలో నిలబెట్టి ఉన్నాయి, అన్నీ ఒకే వైపు మొహం పెట్టి.

గోడౌను చూసే ముసలాయన వెనకే వచ్చాడు. అందరూ ఆయన్ని మామ అంటారు.

"ఎవరి కోసమమ్మా?"

"ఇక్కడ కూర్చునేది ఎవరు మామా?"

"బొమ్మలావిడ. పాతకాలం పంపులకి ఏ ముక్క ఎక్కడ పడుతుందో బొమ్మలుంటాయే, అవి వెతికి అడిగినవాళ్లకి పంపుతుంది. పంపుతుంది కాదులే, పంపేది. మానేసింది."

"ఎప్పుడు?"

"ఆ మధ్యనే. పొద్దున్న వచ్చి కూర్చుంది. తెర మీద ఏదో రాలేదు. సాయంత్రం దాకా అలాగే దాని వంకే చూస్తూ కూర్చుంది. మర్నాడూ అంతే. తర్వాత బల్ల తుడిచి, తువ్వాలు కప్పి వెళ్లిపోయింది."

"నాకు ఫోను చేయొచ్చు కదా. రాలేదని ఎవరికైనా చెప్పొచ్చు కదా."

మామ ఆమె వంక వింతగా చూశాడు. "ఎవరికి చెప్తుందమ్మా? ఆవిడ కాంట్రాక్టు మనిషి. పైగా పోయినేడు ఈ గదినిండా మనుషులుండేవాళ్లు, కేటలాగు సెక్షను. ఒకరోజు పొద్దున్న అందరి తెరల మీదా ప్రవేశం లేదని వచ్చింది. సాయంత్రానికి కాగితాలొచ్చాయి, రేపటి నుంచి రావద్దని. ఆవిడొక్కతే మిగిలింది. ఇప్పుడు ఆవిడ తెర కూడా ఆగిపోతే, ఏమనుకుంటుంది? కాగితం కోసం కూడా ఆగలేదు పాపం. మర్యాదస్తురాలు."

మిషన్లమ్మ ఆ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. పోయినేడు ఆ లాగిన్లు మూసింది తనే. పైనుంచి వచ్చిన ఆర్డరు ప్రకారం, కాగితాలు అందకముందే మూయమన్నారు, మూసింది. తను పంపిన మెయిలు కూడా ఈవిడకి చేరి ఉండదని ఇప్పుడు తోచింది. కాంట్రాక్టు వాళ్ల పేర్లు ఉద్యోగుల జాబితాలో ఉండవు. తను ఎవరైనా అరుస్తారేమోనని ఎదురుచూసింది. ఇక్కడ మిషను ఆగడమంటే ఇక అరవడానికి ఏమీ మిగల్లేదని అర్థం.

ఆమె పైకి వెళ్లి ఉన్న సంగతి పొదుపు సారుకి చెప్పింది. ఒక మనిషి పని ఆగిపోయిందని, మిషను తిరిగి పెట్టాలని. చెప్పాక గానీ తెలియలేదు, ఎంత తప్పు పని చేసిందో.

"ఈ సీటొకటుందా?" అన్నాడాయన. "నాకు తెలియనే తెలియదు. ఇన్నాళ్లు ఆ పని ఆగింది, ఎవరైనా అడిగారా?"

"లేదండీ."

"చూశారా మరి. ఆగినా తెలియని పని ఉన్నా లేకపోయినా ఒకటే. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇది పూర్తి అంగీకారమే. శుక్రవారం తీసేయండి."

కనబడకుండా బతుకుతున్న మనిషిని చేయిపట్టుకుని తీసుకొచ్చి పులి ముందు నిలబెట్టినట్టయింది. ఆమె బయటికి వచ్చేసింది.

ఇంట్లో చెప్తే భర్త కంచంలో వేళ్లు ఆపి విన్నాడు.

"నువ్వు మీట నొక్కితే ఆవిడ వెళ్లిపోయింది. మళ్లీ నొక్కితే వచ్చేస్తుందనుకుంటున్నావా? ఆవిడేమన్నా మిషనా?"

"అందుకే వెళ్లి కలుద్దామనుకుంటున్నా."

"కలిసి?"

"నేనే ఆపానని చెప్తాను. ఇంకెవరూ కాదని."

"నా దగ్గర నేర్చుకునేవాళ్లలో ఒకాయనున్నాడు," అన్నాడు భర్త. "హారను కొట్టడు. ఎదుటివాడు ఏమనుకుంటాడోనని. ఎన్నిసార్లు చెప్పినా కొట్టడు. రోడ్డు మీద అందరూ ఆయన్ని రాసుకుంటూ పోతారు. నువ్వూ అంతే." మళ్లీ కంచంలో చెయ్యి పెడుతూ, "చిన్నగా చెప్పు, ఆవిడ బెదురుతుంది," అన్నాడు.

మామ చెప్పిన గుర్తుల మీద గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్లింది. సందు చివర రెండంతస్తుల ఇల్లు. కింది వాటా తలుపు తట్టితే తడి చేతులతో ఒకావిడ తీసింది. బొమ్మలావిడ అన్నగారి భార్య అట.

"మా ఆడపడుచా? ఆఫీసుకెళ్లింది కదండీ. పొద్దున్నే క్యారేజీ కట్టి పంపాను. మీరెవరు?"

మిషన్లమ్మకి సంగతి అర్థమైంది. రోజూ ఆఫీసుకని చెప్పి వెళ్తోందన్నమాట.

"నేనూ అదే ఆఫీసేనండీ," అంది. "వేరే అంతస్తు. ఇవాళ సెలవు. ఇటు వచ్చాను కదా అని..."

"అయ్యో, మరి ఇవాళ ఆవిడకి సెలవు కాదని తెలుసు కదా మీకు?" ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి.

"మరిచిపోయానండీ. నాకు మతిమరుపు."

"ఆరింటి బస్సుకి వస్తుంది. కూర్చోండి, టీ పెడతాను."

కూర్చోలేదు. వెళ్లి బస్సు స్టాపు బెంచీ మీద కూర్చుంది. ఆరింటికి బస్సు వచ్చింది, అందులోంచి క్యారేజీతో ఎవరూ దిగలేదు. బస్సు వెళ్లిపోయాక, ఎదుటి వీధిలోంచి క్యారేజీ పట్టుకుని ఒక మనిషి నడిచి వచ్చింది. బస్సు దిగినవాళ్ల వెనక కలిసిపోవాలని చూస్తున్నట్టు, నాలుగడుగులు వాళ్లతో పాటు వేసింది. వయసు నలభై దాటి ఉంటుంది. చీర కుచ్చిళ్లు ఇస్త్రీ చెదరలేదు.

"బొమ్మలు చూసేది మీరే కదండీ?" అంది మిషన్లమ్మ లేచి. "నేను మూడో అంతస్తు. సర్వర్లు చూస్తాను."

ఆవిడ క్యారేజీ గుండెలకి హత్తుకుంది. "కాగితం తెచ్చారా? ఇంటికి మాత్రం పంపొద్దండీ. నేనే వచ్చి తీసుకుంటాను."

"కాగితం లేదు. మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు. చోటు సరిపోక మీ మిషను నేనే ఆపాను. ఎవరిదో తెలియక ఆపాను. మీరొచ్చి అడుగుతారనుకున్నాను."

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. క్యారేజీ ఒళ్లో పెట్టుకుంది.

"నేనేదో తప్పు చేశాననుకున్నానండీ. ఏమిటో తెలియలేదు. రోజూ అదే ఆలోచిస్తున్నాను."

"రోజంతా ఎక్కడుంటున్నారు?"

"పెద్దాసుపత్రిలో. బయట కూర్చునే హాలుంది. అక్కడ ఎంతసేపు కూర్చున్నా ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు." క్యారేజీ పిడి సర్దుకుంటూ అంది, "ఒక ముసలావిడ రోజూ పలకరిస్తుంది, మీవాళ్లకి ఎలా ఉందమ్మా అని. కాస్త నయం అంటాను. మొన్న నా కోసం పండు కూడా తెచ్చింది. తినలేక చచ్చాను."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఒక హాస్టలు వాళ్లకి ముక్క నంబరు పంపాలండీ," అంది బొమ్మలావిడ. "వాళ్ల పంపు చాలా పాతది. నీళ్లు మోసుకుంటున్నారట. ఈ వారం పంపుతానని రాశాను, ఇంతలో ఇలా అయింది. వాళ్లు పైకి రాయరు. నాకే రాసి ఎదురుచూస్తారు. అందరూ అంతే."

మిషన్లమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రేపు శుక్రవారం అని, చెరిపేయమన్నారని, ఆ సీటు సంగతి తన వల్లే పై వాళ్లకి తెలిసిందని. "మీరొకసారి సారు దగ్గరికి వచ్చి, ఇది అవసరమని చెప్తే..."

"నాకు రాదండీ," అంది ఆవిడ వెంటనే. "నోరు పెగలదు. చిన్నప్పుడు బళ్లో హాజరు పలకలేక ఎన్నిసార్లు గైర్హాజరయ్యానో."

బతిమాలడానికి మిషన్లమ్మకి మొహం చెల్లలేదు. నోరు విప్పమని ఈవిడకి చెప్పడానికి తానెవరు? ఫోటోల సంగతి తెలిసీ కుక్కిన పేనులా కూర్చున్నది ఎవరు?

మర్నాడు పొద్దున్న ఆమె స్వెటరు విప్పి కుర్చీకి తగిలించి, పొదుపు సారు గదికి వెళ్లింది. 

"ఖాళీ అయిందా?"

"అవుతుందండీ. మీ రిపోర్టుల మిషను తింటున్న చోటులో సగం అనవసరం. పాత ఫోటోలు తీసేయకుండా వదిలేశారు. అవి రోజురోజుకీ పెరుగుతున్నాయి. ఒక పూట మీ రిపోర్టులు నెమ్మదిస్తాయి. ఆ తర్వాత చోటే చోటు. ఎవరి మిషనూ చెరపక్కర్లేదు."

ఆయన మొహం కందిపోయింది. "ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మీరు వచ్చినప్పటి నుంచీ."

"మరి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదు?"

"మీరు కోప్పడతారని."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాదనడానికి దారి లేదు. సామాన్ల గది నిండిపోతే మొదట ఆగేవి ఆయన రిపోర్టులే. "శనివారం మధ్యాహ్నం చేసుకోండి," అన్నాడు ఆఖరికి. "ఆ సీటు సంగతి మాత్రం నేను కాంట్రాక్టరుతో మాట్లాడతాను. అది వేరే విషయం."

శనివారం ఫోటోలు ఒక్కొక్కటే తీసేస్తుంటే తంతి పక్కనే ఉన్నాడు. తీసేయడం కూడా గబగబా చేసే పని కాదు. పోగుపడ్డ మార్పులన్నీ అసలు మిషనులో కలిసేదాకా కదలకుండా కూర్చోవాలి. సాయంత్రానికి చోటు వచ్చింది. ఆగిన మిషనుని మళ్లీ పెట్టి, పనికి రమ్మని బొమ్మలావిడకి మామ చేత చాటుగా కబురు పంపింది. సోమవారం పొద్దున్న 'పాత స్పేర్లు' లోపలికి ఎవరో వచ్చారని తెర మీద కనిపించింది. తంతి చూసి, "వచ్చేసింది అక్కా," అన్నాడు. ఆమె రోజంతా దాని వంక చూస్తూనే ఉంది. హాస్టలు వాళ్లకి ముక్క నంబరు వెళ్లిందని మామ ద్వారా తెలిసింది.

ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు. వానలు మొదలయ్యే వేళకి ఆమెకి ఒక ఆర్డరు వచ్చింది. నెలాఖరు రోజున 'స్పేర్లు' లాగిన్ మూసేయాలి, ముందుగా ఎవరికీ తెలియజేయనక్కర్లేదు. కింద పొదుపు సారు సంతకం.

అది చదివి ఆమె కిటికీ లేని ఆ గదిలో కాసేపు అటూ ఇటూ తిరిగింది. తంతి అడిగాడు, "ఏం చేస్తావక్కా?"

"చెప్తాను."

"చెప్పొద్దని రాశారు కదా."

"చెప్పనక్కర్లేదని రాశారు. చెప్పొద్దని రాయలేదు."

"వాళ్లు అర్థం చేసుకునేది ఒకటే అక్కా."

"చేసుకోనీ," అని ఆమె మెట్లు దిగింది. లిఫ్టులో అయితే త్వరగా వెళ్లిపోతుంది. త్వరగా వెళ్లాలని ఆమెకి లేదు.

షెడ్డు మీద వాన పడుతోంది. బొమ్మలావిడ తెర మీద ఒక పాత పంపు బొమ్మని పెద్దది చేసుకుని, ఏదో చిన్న రింగు కోసం చూస్తోంది. మిషన్లమ్మని చూసి లేచి నిలబడింది.

"కూర్చోండి," అంది మిషన్లమ్మ. తను పక్క బల్ల మీద దుమ్ము చేత్తో తుడిచి దాని మీదే కూర్చుంది. "నెలాఖరుకి మీ లాగిన్ మూయమని ఆర్డరొచ్చింది. ఈసారి మూసేది కూడా నేనే. ముందు మీకు చెప్పాలని వచ్చాను."

 బొమ్మలావిడ మొహంలో ఏడుపు వస్తుందేమోనని మిషన్లమ్మ చూసింది. రాలేదు. ఆవిడ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"వాళ్లకి ఎవరు పంపుతారు?" అంది.

"ఎవరికి?"

"రాసేవాళ్లకి. ముక్క దొరక్క ఎదురుచూసేవాళ్లకి. ఎవరు చూస్తారని ఆయన అనుకుంటున్నారు?"

"ఆయన అదేమీ అనుకోలేదండీ."

"అడగలేదా మీరు?"

"అడగలేదు."

బొమ్మలావిడ డబ్బాలోంచి ఒక పెన్ను తీసి, మళ్లీ అందులోనే పెట్టింది. తెర ఆపలేదు. తువ్వాలు కప్పలేదు. కుర్చీ వెనక తగిలించిన గొడుగు తీసుకుంది.

"ఆయన గది ఎక్కడ?"

"రెండో అంతస్తు. నేనూ వస్తాను."

ఇద్దరూ ఒకే గొడుగులో గోడౌను దాటారు. మామ లోపలి నుంచి తొంగి చూశాడు. మెట్లెక్కుతుంటే బొమ్మలావిడకి ఆయాసం వచ్చింది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, ఏమని మొదలుపెట్టాలో పెదవులతో చప్పుడు లేకుండా అనుకుంటూ మళ్లీ ఎక్కింది. సగం లైట్లు తీసేసిన వరండాలో ఆ గది తలుపు మూసి ఉంది.

మిషన్లమ్మ ముందుకు వెళ్లి తట్టబోయింది. బొమ్మలావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

"మీరు ఇక్కడే ఉండండి," అంది. "మీరు లోపలికొస్తే మీరే మాట్లాడేస్తారు."

తడి గొడుగు మిషన్లమ్మ చేతికిచ్చి, తనే తలుపు తట్టింది.